పనిలో ఉన్న చుక్క

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా ఇంట్లో మాత్రం బాపు కాళ్లు నిలవవు. వేములఘాట్‌లో ఆయన చేను రిజర్వాయర్ నీళ్ల కిందికి పోయినప్పటి నుంచి సిద్దిపేటలో బిడ్డనైన నా దగ్గరే, కిరాయి ఇంట్లో ఉంటున్నాడు. అయినా రోహిణి రాగానే గేటుకూ వంటింటికీ మధ్య తిరుగుతాడు, మెడ నొప్పెట్టేదాకా మబ్బు కోసం చూస్తాడు. ఆ తిరుగుడు చూస్తే నాకూ ఒకచోట కూర్చోబుద్ధి కాదు.

ఆ ఏడు కోహెడలో ఆయన దోస్తు రెండెకరాలు కౌలుకిస్తానన్నాడు. వాన రాకముందే పొడి దుక్కిలో పత్తి గింజలు పెట్టాలని బాపు పట్టు. అంతకుముందు ఎండాకాలమే వడదెబ్బ తగిలి దవాఖానలో పడిన మనిషి! నేను ససేమిరా అన్నాను. భయంతోనే అన్నాను, కోపంగా వినిపించి ఉంటుంది. కౌలు మాట అక్కడే ఆగింది, రెండు రోజులు ఆయన నాతో మాట్లాడలేదు.

మూడో రోజు మాట కలుపుదామని, "రోహిణి సుక్కను సూపిస్త రా బాపూ, సూర్యుని కన్న చానా పెద్దది" అన్నాను. బడిలో సైన్సు చెప్పేదాన్ని, ఆ మాత్రం గీర ఉంటుంది. పొద్దుగూకగానే ఇద్దరం డాబా ఎక్కాం. చుక్కలను గుర్తుపట్టే యాప్ తెరిచి ఫోన్ ఎటు తిప్పినా అది రోహిణిని నేల కిందే చూపిస్తోంది. అప్పుడు వెలిగింది నాకు. సూర్యుడు రోహిణి దగ్గర ఉన్న రోజులే కదా రోహిణి కార్తె! పగలంతా ఆయనతో తిరిగి ఆయనతోనే మునిగే చుక్క ఎట్లా కనిపిస్తుంది? సిగ్గుతో చచ్చాను.

సంగతి చెప్తే బాపు నవ్వాడు.

"పనిల ఉన్నోడు ఇంట్ల దొరుకుతడా బిడ్డా?" అని మెట్లు దిగిపోయాడు.

చలికాలంలో ఒక సాయంత్రం ఆరేసిన బట్టలు తీస్తుంటే తూర్పున నారింజ రంగులో రోహిణి కనిపించింది. బాపును కేకేశాను. వచ్చి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

"గిదా రోహిణి? గిది పిల్లలకోడి సుక్కల గుంపు పక్కపొంటి ఎర్రసుక్క గదనే! చేన్ల అడివిపందులు పడకుంట రాత్రి కావలున్నప్పుడల్ల గిదే నాకు తోడు. గిదే రోహిణని ఎవ్వలు జెప్పలే."

గింజ పెట్టేటప్పుడు పేరు తలుచుకున్నాడు, పత్తి ఏరే రోజుల్లో చుక్కను చూశాడు. రెండూ ఒకటేనని డెబ్బై ఏళ్లలో తెలియలేదు.

ఆయన ఇంకా పైకే చూస్తున్నాడు.

"ఇగ రెండూ ఎరుకైనయ్ బిడ్డా. చేనే లేకపాయె."

నాకు ఏడుపొచ్చింది. మడతపెట్టిన దుప్పటినే విప్పి మళ్లీ మడతపెట్టాను.

ఆ ఆదివారం కోహెడ బస్సులో కిటికీ పక్క సీటు బాపుకిచ్చాను. వచ్చే రోహిణికి ఆ రెండెకరాలు మాకే కావాలని, ఇంకెవరికీ ఇయ్యొద్దని ఆయన దోస్తుకు ముందే ఫోన్ చేసి చెప్పాను.