నిటారుగా మోయవలసిన బురద

మా నాన్నగారు నిలబడే పోయారు. కోనసీమలో మడ అడవి నరికించి తవ్వించిన రొయ్యల చెరువు అది. నీళ్లు తీయించి చూడటానికి దిగి, నడుము లోతు బురదలో కూరుకుపోయారు. గట్టు అవతలే పాలేళ్లు ఉన్నారు. ఒక్క కేక వేస్తే వచ్చేవారు. మా అన్నం తిన్నవాళ్లను సాయం అడిగే అలవాటు మా ఇంట్లో లేదు. సముద్రం పోటెత్తి తూము తెగింది. నీళ్లు తీశాక చూస్తే కండువా ఇంకా ఆయన భుజం మీదే ఉంది. ఈ సంగతి నేను తల ఎత్తుకునే చెప్పేవాణ్ణి.

చెరువులూ ఇల్లూ పోయాక కువైట్ వచ్చాను. మహబూలాలో మంచం మీద మంచం వేసిన గదిలో పడక. పని మాత్రం ఉత్తరాన, సముద్రం ఒడ్డున మడ మొక్కలు నాటిన బురద నేలలో. అక్కడి మట్టిని గొట్టాలతో తీసి పరీక్షలకు తీసుకెళ్తాం. నాతోపాటు చేసే కడపాయన ఇంతకుముందు ఎడారిలో మేకలు కాశాడు. నన్ను దొరా అని పిలుస్తాడు.

"టీ తాగుతావా దొరా, లేకుంటే గొడుగు పట్టాల్నా?"

"నేను పోసుకుంటానండి," అనేవాణ్ణి. ఆ 'అండి' మా ఇద్దరి మధ్య గోడ.

మట్టి చదువు చదివిన మలయాళీ మేడమ్ ఒకసారి మాకు వివరంగా చెప్పారు. చెట్లు గాలిలోంచి తీసుకున్న కార్బన్ ఆకుల్లో, వేళ్లలో ఉంటుంది. అవి రాలి ఈ బురదలో పడితే, లోపల గాలి ఆడదు కనుక సరిగా కుళ్లవు. పొర మీద పొరగా వందల ఏళ్లు అలాగే ఉండిపోతాయి. తవ్వి గాలి తగలనిస్తే కుళ్లి, దాచుకున్నదంతా మళ్లీ గాలిలో కలుస్తుంది. మా చెరువులు గుర్తొచ్చాయి. వేళ్లు అలల్ని ఆపుతాయట, అందుకే చెట్ల మధ్య అడుగుల గుర్తులు కూడా త్వరగా చెరగవని అన్నారు.

తీసిన గొట్టాన్ని వంచకూడదు. వంచితే పైన తడిగా ఉన్న పొరలు కలిసిపోతాయి. ఆ మోత నాకే ఇచ్చారు. "మీకు వంగడం రాదుగా," అని మేడమ్ నవ్వారు. నాకది మెప్పులాగే వినిపించింది.

చలికాలం, పొద్దున పొగమంచు. ఆటు మీద ఉంది సముద్రం. చెట్ల చివర గొట్టం నింపుకుని తిరిగి వస్తున్నాం. కడపాయన, దిగబడే చోట మోకాళ్లు ఆనించుకునే చెక్క పలకను బురద మీద ఈడుస్తూ ముందు పోతున్నాడు. పక్కగా వట్టి కాళ్ల అడుగులు కనిపించాయి, వరసగా ఒడ్డు వైపు. మడమలు లోతుగా, వేళ్లు బయటికి తిరిగి ఉన్నాయి. మా నాన్నగారి నడక అది. ఎవరో నడిచారంటే నేల గట్టిగా ఉన్నట్టే అనుకున్నాను. వాటిలోనే కాళ్లు వేసుకుంటూ వెళ్లాను.

కొంత దూరం పోయాక అడుగులు ఆగిపోయాయి. అక్కడే దిగబడ్డాను.

తొడల దాకా పోయింది. మంచులో ముందున్న మనిషి కనిపించలేదు. పలక చప్పుడు దూరమవుతోంది. వెనక నుంచి పోటు నీళ్లు పల్చగా పాకి వస్తున్నాయి. గొట్టాన్ని గుండెకు ఆనించి నిటారుగా నిలబడ్డాను. గొట్టంలోంచి ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడైంది. మట్టిలో గాలి బుడగ అయి ఉంటుంది. నాన్నగారు గదిలోకి వచ్చే ముందు అలాగే సవరించుకునేవారు. ఆయన ఏమంటారో విందామని ఆగాను. నడుము దాకా పోయింది.

మళ్లీ అదే చప్పుడు.

"అన్నా!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అన్నా!"

పలక చప్పుడు వెనక్కి తిరిగింది.

"పండుకో! పండుకో దొరా! నిలబడితే మింగేస్తాది!"

"గొట్టం ఒరిగిపోతుందండి!"

"నీ గొట్టం తగలెయ్య! పండుకోవయ్యా!"

పడుకున్నాను. గొట్టం జారిపోయింది. చెంప బురదకు ఆనింది. పైన చల్లగా, అడుగున వెచ్చగా ఉంది. చంకల కింద చేతులు వేసి అతను లాగాడు. బూట్లు లోపలే ఉండిపోయాయి.

ఒడ్డున కాళ్లు కడుక్కుంటుంటే అన్నాడు: "సచ్చేటప్పుడు సుట్టరికం గుర్తుకొచ్చిందా దొరా?"

అతను గొట్టాన్ని కూడా వెతికి తెచ్చాడు. మేడమ్ దాన్ని చూసి, "ఖలాస్. పొరలన్నీ కలిసిపోయాయి. మళ్లీ అక్కడి నుంచే తీయాలి," అన్నారు.

మరో ఆటుకు వెళ్లాం. నేను పడుకున్న చోటు ఇంకా తెలుస్తోంది. మనిషి ఆకారంలో గుంట, దాని నిండా నీళ్లు, అడుగున రాలిన ఆకులు అప్పుడే నల్లబడుతున్నాయి. దాని తల దగ్గర రెండు పాదాల గుర్తులు. వేళ్లు బయటికి తిరిగి, చాలాసేపు నిలబడ్డంత లోతుగా ఉన్నాయి. అక్కడి నుంచి ఎటూ పోలేదు.

కడపాయన వాటిని చూశాడు, తన బూట్లు చూసుకున్నాడు.

"నావి కావు," అన్నాడు. ఈసారి దొరా అనలేదు.

గొట్టం నింపాం. దాన్ని అతని చేతికిచ్చాను. "నువ్వు పట్టుకో అన్నా," అని పలక మీద మోకాళ్లు ఆనించి, వంగి, ఒడ్డు వైపు తోసుకుంటూ కదిలాను. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. అది గొట్టంలోంచి వచ్చింది కాదు. గొట్టం నా ముందు పోతోంది.