ఆ సినిమాకి నేను చెప్పిన తెలుగు

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మనవరాలు టీవీలో ఏదో నైజీరియా సినిమా పెట్టింది. తెలుగులోనే వస్తోంది కదా అని నేనూ కుర్చీ జరుపుకుని కూర్చున్నాను. కాసేపటికి తెరమీద జుట్టు నెరిసిన ఒక నల్లజాతి పెద్దాయనను కుర్ర హోటలు గుమాస్తా "ఏరా, ఎవడ్రా నువ్వు?" అనగానే కుర్చీలోంచి లేచాను. కట్టెయ్యమ్మా అన్నాను. ఎందుకు తాతయ్యా అంటే చెప్పలేకపోయాను. ఇక్కడ చేరిన మీరంతా ఇంచుమించు నా ఈడువాళ్ళే కనక మీకు చెబుతున్నాను.

పోర్టులో గుమాస్తాగా చేరిన కొత్తలో, మద్దిలపాలెంలో నా పక్క గదిలో ఘానా నుంచి చదువుకోవడానికి వచ్చిన స్నేహితుడొకడు ఉండేవాడు. తెలుగును టీ కొట్లోనూ చేపల రేవులోనూ నేర్చుకున్నాడు కాబట్టి, గోదావరి నుంచి వచ్చిన నాకంటే అతని నోటే ఈ ఊరి యాస బాగా పలికేది. నన్ను బావా అనేవాడు. ఆఫ్రికాలోనూ, అమెరికాలోని నల్లవాళ్ళ పేటల్లోనూ, కరీబియన్ దీవుల్లోనూ వాళ్ళ దర్శకులు తీసిన సినిమాల క్యాసెట్లు ఎవరెవరి చేతనో తెప్పించి నాకు చూపించేవాడు. "ఇన్నాళ్ళూ మా వోళ్ళు ఎవడి సినిమాలోనో మూటలు మోసీవోరు బావా, ఇప్పుడు కెమెరా మోత్తన్నారు" అని నవ్వేవాడు.

సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు అతనూ ఒక సినిమా తీశాడు. తెల్లవాళ్ళ ఏలుబడిలో ఓడరేవు కూలీగా బతికిన వాళ్ళ తాతగారి కథ అది. రేవులో చనిపోయిన తోటి కూలీ శవాన్ని ఇప్పించమని ఆయన కుర్ర తెల్ల ఆఫీసరు గదికి వెళతాడు. ఆఫీసరు కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడేదాకా కదలడు. కథంతా ఆ లేవడంలోనే ఉంది.

దాన్ని మా పోర్టు కళాసీలకు చూపించాలని అతని కోరిక. ఓడల్లో సరుకు ఎత్తి దించే మనుషులు కాబట్టి తాతగారిని వాళ్ళే గుర్తుపడతారనుకున్నాడు. సినిమాలో మాటలు అతని సొంత భాషవి, కింద అక్షరాలు ఇంగ్లీషువి. మైకు పట్టుకుని అప్పటికప్పుడు తెలుగులో చెప్పే పని నాది. "ఆయన మా తాత. జాగర్తగా సెప్పు బావా" అన్నాడు. "నీ సినిమాకి నా గొంతే హీరో, చూస్తూ ఉండు" అన్నాను. నా ఇంగ్లీషు మీద నాకు అంత ధీమా.

సినిమా వేసే రోజు సాయంత్రం, టీవీ పెట్టిన యూనియన్ హాలు నిండిపోయింది. ఆఫీసరు గది దృశ్యం రాగానే సూటు వేసుకున్న కుర్రవాడికి నా నాలుక దానంతటదే 'దొరగారు' అనేసింది. చిరిగిన చొక్కాతో నిలబడ్డ పెద్దాయన దగ్గరికొచ్చేసరికి "ఒరేయ్ ముసలాడా, ఏం కావాల్రా నీకు?" అంది. ముందు వరసలో ఒక కళాసీ "మన ఫోర్‌మేన్ లాగే ఉన్నాడ్రోయ్!" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. ఆ నవ్వు నాకు రుచించింది. ఆ తరవాత ఆయన నా నోట 'వాడు' అయ్యాడు, శవం 'పీనుగ' అయింది. టీవీ పక్కన నిలబడ్డ నా స్నేహితుడి దవడ బిగుసుకోవడం కనబడుతూనే ఉంది. నేను ఆగలేదు.

అతను బొమ్మ ఆపేశాడు. అందరూ చూస్తుండగా నా దగ్గరికొచ్చాడు.

"ఆ కుర్రోడికి దొరగారు, మా తాతకి ఒరేయ్. ఏటి బావా ఇది?"

"కింద 'యూ' అనే ఉంది కదా..." అన్నాను.

"యూ అనే ఉంది. ఒరేయ్ నువ్వెట్టినావు."

అప్పుడైనా మైకులో తప్పయిందని ఒక్కమాట అని ఉండాల్సింది. "జనం నవ్వుతున్నారుగా, సినిమా ఆడుతున్నట్టే కదా" అన్నాను.

అతను చెయ్యి చాపాడు. మైకు ఇచ్చేశాను. క్యాసెట్టు వెనక్కి తిప్పి, "నాను సెప్తాను" అన్నాడు. పరదేశి నోట తమ యాసే వినేసరికి మొదట నాలుగు మూలల నుంచీ నవ్వులు లేచాయి, ఈలలు పడ్డాయి. సినిమా మధ్యలోనే ఆగిపోతుందని భయపడ్డాను. నిజం చెప్పాలంటే, ఆగిపోతే బాగుండునని కూడా అనుకున్నాను. అతను గొంతు పెంచకుండా, తాతగారిని 'ఆయన', 'తమరు' అంటూ చెప్పుకుపోయాడు. "నాను అడగతన్నది మా మడిసిని బాబూ, మీ సరుకుని కాదు" అన్న మాట దగ్గర, ఇందాక అరిచిన కళాసీయే లేచివెళ్ళి, సరిగ్గా వినబడాలని, గరగరలాడుతున్న ఫ్యాను కట్టేశాడు. తెరమీద ఆఫీసరు లేచి నిలబడ్డప్పుడు చెమటలు కారుతున్నా ఎవరూ కదల్లేదు.

అయ్యాక గుమ్మం దగ్గర అందరితోనూ చేతులు కలిపాడు. నా వంతు వచ్చినప్పుడు, "చాలా థాంక్సండీ, మీరు శ్రమ తీసుకున్నారు" అన్నాడు.

ఆ రోజు నుంచి నేనతనికి 'మీరు' అయ్యాను. ఎన్నోసార్లు తలుపు తట్టాను. కుర్చీ వేసి, టీ తెప్పించి, కూర్చోండి అనేవాడు. క్షమించు అనాలో క్షమించండి అనాలో తేలక టీ తాగి వచ్చేసేవాణ్ణి. చదువయ్యాక అంతే మర్యాదగా సెలవు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఈ ఊళ్ళో ఆటోవాళ్ళూ, బ్యాంకువాళ్ళూ, ఇంట్లో అల్లుళ్ళూ అందరూ నన్ను మీరనే అంటారు. వయసుకిచ్చే గౌరవమది, కాదనను. అయితే ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా, నన్ను నువ్వని పిలిచే చనువున్న మనుషులు ఎందరు మిగిలారా అని వెతుక్కుంటాను. కొందరిని కాలం తీసుకుపోయింది. ఒకణ్ణి మాత్రం నేనే పోగొట్టుకున్నాను.