వంటావార్పుల గరిటె నాకు, మైకు మా ఆమెకు

చెయ్యి నొస్తుందంటే నొయ్యదా మరి! పొద్దంతా రాయికల్ రోడ్డు మీద గరిటె తిప్పింది నేనాయె. ఎప్పుడు వంటావార్పు పెట్టినా ఆడోళ్లు వండుడు, మేం మైకుల తెలంగాణ అడుగుడు. ఇయ్యాల బీడీల సంఘం ఆడోళ్లు అచ్చి మైకు గుంజుకొని, గరిటె నా చేతుల పెట్టిండ్రు.

మైకు పట్టింది మా ఆమెనే. "తెలంగాణ ఎట్లనన్న అస్తది. బడి సార్లు తెలంగాణ సమ్మెల ఉన్నరు. పదో తరగతి పోరగాండ్లు ఫెయిలయితే ఆ ఏడాది వాపస్ అస్తదా? మన షబానా డిగ్రీ చదివింది. రేపటిసంది సంఘం రూముల లెక్కలు చెప్తది" అన్నది.

షబానా మొగనికి దుబాయిల పని పోయింది. ఇల్లు ఆమె బీడీల మీదనే నడుస్తుంది. షబానా అత్త లేచి అడిగింది: "పాఠాలు చెప్పుకుంట కూసుంటే దాని బీడీలు ఎవలు చేస్తరు?"

"మేమే చేస్తం చాచీ, తలా ఇన్ని" అన్నది మా ఆమె. సంఘపోళ్లందరు చేతులు లేపిండ్రు.

ముసలామె కోడలి పక్కకు అచ్చి కూసున్నది. "గట్లయితే ఆకు నేను కత్తిరిస్త" అన్నది. షబానా కండ్లల్ల నీళ్లు. నా కండ్లల్ల గూడ, పొయ్యి పొగకు.

గా ధ్యాసల బువ్వ అడుగంటింది. ఒక్కలు గూడ పేరు పెట్టకుంట తిన్నరు.

మీ ఊర్ల గూడ మైకు ఆడోళ్లకిచ్చి చూడుండ్రి, చెప్పుండ్రి ఏమైందో. గరిటె సంగతంటరా, దానికి నేను... అస్తున్ననే! నల్లబోర్డు సంఘం రూముకు మొయ్యాల్నట, మా ఆమె పిలుస్తుంది.