బొమ్మలున్న చరిత్ర పుస్తకం

నాకు పుట్టుకతోనే చూపు లేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. లేకపోతే నేను "నిన్న సినిమా చూశాను" అన్నప్పుడల్లా ఎదుటివాళ్ళు ఇబ్బందిపడి గొంతు సవరించుకుంటారు. చూశాను, చూద్దాం, చూడబోతే అనకుండా తెలుగులో నాలుగు ముక్కలు మాట్లాడడం ఎవరివల్లా కాదు, నావల్ల అసలే కాదు. చూపు లేకపోయినా ముందుచూపు దండిగా ఉందని నామీద నాకో నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని ఎం.ఏ. చివరి సంవత్సరంలో పోగొట్టుకున్నాను.

మాది పామర్రు. నాన్నకి బజారులో చీరల కొట్టుంది. ఆ కొట్టుకి ఎప్పటినుంచో వచ్చే పెద్దమనిషి ఒకాయన దగ్గర్లోనే కాలేజీ నడుపుతారు. నేను విజయవాడలో చరిత్ర చదువుతున్నానని తెలిసి ఒకరోజు నాన్నతో, "మీవాడు అన్ని పేపర్లూ పాసై రానివ్వండి. జూన్ నుంచి మా పిల్లలకి చరిత్ర చెప్తాడు" అన్నారు. నాన్న ఆ మాట ఆ వారంలో చీర కొన్న ప్రతి ఆవిడకీ చెప్పాడు. అంచు బాగుందా లేదా అని అడిగినవాళ్ళకి కూడా అదే జవాబు. చదువుకున్నవాడిగా నాకు దొరకబోయే మొదటి ఉద్యోగం అది. "పాపం ఏం చేస్తాడో" అనుకునే బంధువులందరికీ ఒకే దెబ్బకి జవాబు కూడా అదే.

ఆ ఏడాదే మా యూనివర్సిటీలో వెల్‌బీయింగ్ సెల్ పెట్టారు. దీపం వెలిగించారు, ఎవరినీ ఒంటరిగా వదలబోమన్నారు. గోడల నిండా పోస్టర్లు అంటించారట. నా కోసం లైబ్రరీ మెట్ల పక్కన ఇనుప కడ్డీ కూడా పెట్టించారు. దాని మీద మా క్లాసువాళ్ళు తడిసిన రెయిన్‌కోట్లు ఆరేసేవాళ్ళు. సెల్ చూసుకునే మేడమ్ మంచావిడ. నన్ను పిలిచి, "నీకేం కావాలి బాబూ?" అని అడిగిన మొదటి మనిషి ఆవిడే. అంతకుముందు అందరూ నాకేం కావాలో నాకే చెప్పేవాళ్ళు.

"చదివిపెట్టేవాళ్ళు కావాలి మేడమ్" అన్నాను.

ఇంగ్లీషు పుస్తకాలైతే ఫోనే చదివేస్తుంది. మా పేపర్లలో ఒకదానికి మాత్రం ఒకే ఒక్క తెలుగు పుస్తకం ఉంది. పాత అచ్చు, లైబ్రరీలో తప్ప ఎక్కడా దొరకదు. దాన్ని ఫోన్‌తో చదివించబోతే సంస్కృతానికీ తుమ్ముకీ మధ్య ఏదో భాష వినిపించింది. అందుకని మేడమ్ స్వచ్ఛందంగా చదివిపెట్టేవాళ్ళ జట్టు ఒకటి తయారుచేశారు. ఎన్ని గంటలు చదివారో ఎవరికి వాళ్ళే రాసుకోవాలి. ఏడాది చివర సర్టిఫికెట్. నాకు మా క్లాసువాడే దొరికాడు, నా స్నేహితుడే.

వాడిది గుణదల. వాడి గురించి మంచి చెప్పకుండా ముందుకు వెళ్ళడం న్యాయం కాదు. రోడ్డు దాటించడమంటే చాలామంది నా జబ్బ పట్టుకుని సంతలో దూడని లాగినట్టు లాగుతారు. వాడు మోచెయ్యి అందించి ఊరుకునేవాడు. వాళ్ళమ్మ నాకూ కలిపి క్యారేజీ కట్టేది. కల్చరల్ ఫెస్ట్‌లో కూచిపూడి నాట్యం జరుగుతుంటే పక్కనే కూర్చుని మొత్తం నా చెవిలో చెప్పాడు. "ఎర్ర పట్టుచీర మావా. ఇప్పుడు కళ్ళు తిప్పింది. ఓర్నాయనో, నీవైపే చూసి నవ్విందిరా!" ఆ నవ్వు నాకు నెలరోజులు సరిపోయింది.

రోజూ సాయంత్రం పుస్తకం చదివి, ఆ ఆడియో వాట్సాప్‌లో పంపేవాడు. నేను హాస్టల్ మంచం మీద పడుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేవాణ్ణి. గొంతు బాగుండేది. ఎక్కడ ఆగాలో తెలుసు. మధ్యమధ్యలో, "ఇక్కడో బొమ్మ ఉంది మావా, అది నేను చదవలేను, దాటేస్తున్నా" అనేవాడు. ఇంకోచోట, "మ్యాపు. ఇదీ అంతే." నాకు ఆ మాట ఎంత ముచ్చటేసేదో! బొమ్మ ఉన్న విషయం నాకు చెప్పాలని ఎవరికి తోస్తుంది? వాడికి తోచింది. ఆ పుస్తకం రాసినాయన మీద కూడా గౌరవం పెరిగింది. చరిత్రని బొమ్మలతో సహా ఎంత శ్రద్ధగా రాశాడో అనుకున్నాను. వాణ్ణి కళ్ళు మూసుకుని నమ్మాను. ఆ పనికి నా విషయంలో ప్రత్యేకంగా ప్రతిభేం అక్కర్లేదనుకోండి.

పరీక్షలో నా జవాబులు రాయడానికి డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయి వచ్చింది. పరీక్ష నాది, చెమటలు ఆమెకి. ప్రశ్నపత్రం చదివింది. మొదటి ప్రశ్న: ఆనకట్ట కట్టాక కృష్ణా డెల్టా రైతుల జీవితంలో వచ్చిన మార్పులు.

"మళ్ళీ చదవమ్మా" అన్నాను.

చదివింది.

"ఇంకోసారి."

"అన్నా, ఎన్నిసార్లు చదివినా అదేనన్నా" అంది, ఏడుపు గొంతుతో.

నేను ఆ పుస్తకం మొత్తం మూడుసార్లు విన్నాను. ఆ పాఠం అందులో లేదు. రెండో ప్రశ్నా లేదు. నాలుగోదీ లేదు. మా ఇంటి వెనక పారే కాలువ గురించి అడిగితే చెప్పలేని చరిత్ర విద్యార్థిని నేనొక్కణ్ణే అయ్యుంటాను. చివరికి మా తాతయ్య చెప్పిన కబుర్లు గుర్తుచేసుకుని నాలుగు పేజీలు రాయించాను. వాటిలో ఎక్కువ భాగం ఒక గేదె గురించి. సిలబస్‌లో లేనివి ఇచ్చారని బయటికొచ్చి కోప్పడ్డాను కూడా. పక్కవాళ్ళు అయోమయంగా ఊరుకున్నారు. నా స్నేహితుడు మాత్రం, "అవును మావా, దారుణం" అన్నాడు.

లైబ్రరీ పుస్తకం వాడి దగ్గర తీసుకుని పామర్రు వెళ్ళాను. ఇంటర్ చదువుతున్న మా చెల్లికి ఇచ్చి, "బొమ్మల కింద ఏదైనా రాసి ఉందేమో చూడవే. ప్రశ్నలు అందులోంచి ఇచ్చినట్టున్నారు" అన్నాను.

పేజీలు తిరిగిన చప్పుడు. మళ్ళీ మొదటినుంచి తిరిగిన చప్పుడు.

"ఏ బొమ్మలన్నయ్యా?"

"మ్యాపులూ అవీ ఉంటాయే. మొదటి పాఠంలోనే మూడున్నాయి."

"ఇందులో బొమ్మల్లేవు. అట్ట మీద కూడా లేదు. ఉత్త అక్షరాలే."

వేరే పుస్తకం తెచ్చానేమో అనుకున్నాను. ఫోన్‌లో వాడి గొంతు పెట్టి, అక్షరాల వెంట వేలు పెట్టుకుని రమ్మన్నాను. మొదటి పేజీ సరిపోయింది, రెండోదీ సరిపోయింది. "ఇక్కడో బొమ్మ ఉంది మావా" అన్నాడు వాడు. చెల్లి కాసేపు వెతుక్కుంది.

"దొరికిందన్నయ్యా. నాలుగు పేజీల తర్వాత అందుకున్నాడు."

రెండు రోజులు అదే పని. చిన్న బొమ్మంటే మూడు నాలుగు పేజీలు. మ్యాపంటే ఇంకాస్త. ఒకచోట "పెద్ద మ్యాపు" అన్నాడు. అది పదకొండు పేజీలు, ఆనకట్ట పాఠం మొత్తం. మొదట్లో చెల్లి నవ్వింది. తర్వాత నవ్వడం మానేసింది. "ఆపేద్దామా అన్నయ్యా?" అని రెండుసార్లు అడిగింది. ఇన్నాళ్ళూ నేను ఇయర్‌ఫోన్లనుకుని చెవిలో పెట్టుకున్నవి పువ్వులు.

పేజీలు పోతే పోయాయి. నాకు బాధనిపించింది వేరేచోట. వాడు నాతో చెప్పినవన్నీ ఒక్కొక్కటే వెనక్కి వచ్చి నిలబడ్డాయి. ఆ నాట్యం చేసినమ్మాయి నిజంగా నావైపు చూసి నవ్విందా? చీర ఎరుపేనా? "ఈ చొక్కా నీకు బాగుంది మావా" అన్నది ఏ చొక్కా? చూపున్నవాళ్ళకి స్నేహితుడు మోసం చేస్తే స్నేహితుడొక్కడే పోతాడు. నాకు వాడితోపాటు రెండేళ్ళ విజయవాడ కూడా పోయింది.

ఆ వారంలోనే మేడమ్ ఫోన్ చేశారు. ఉత్తమ వాలంటీరు అవార్డు వాడికేనట. నేను వచ్చి రెండు మాటలు మాట్లాడాలట. వెళ్ళాను. సభకి ముందు ఆవిడ గదిలో కూర్చుని జరిగింది చెప్పాను.

"ఎంత పని చేశాడు బాబూ" అన్నారావిడ. నిజంగానే బాధపడ్డారు. తర్వాత, "కానీ ఇప్పుడెట్టా? ఫ్లెక్సీ కూడా వేయించేశాం" అన్నారు.

"ఫ్లెక్సీనా?"

"నువ్వూ అతనూ. చాలా బాగా వచ్చింది. వీసీ గారు చూసి మెచ్చుకున్నారు. మొదటి ఏడాది కదా, సెల్‌కి చెడ్డపేరొస్తే మళ్ళీ ఎవరూ ముందుకు రారు. నీలాంటి వాళ్ళకే నష్టం. కాస్త ఆలోచించు నాన్నా."

నేను ఎప్పటికీ చూడలేని ఫ్లెక్సీ మీద నేనే నవ్వుతున్నానట. దాని కోసం నోరు మూసుకోవాలి. నేను ఆవిడని ఏమీ అనలేకపోయాను. నీకేం కావాలని అడిగిన గొంతు అది.

వాడు బయట కారిడార్‌లో ఉన్నాడు. "మావా, ఎప్పుడొచ్చావురా? ఫోనైనా చేయవేంటి?" అని దగ్గరికొచ్చాడు.

"ఆ పుస్తకంలో బొమ్మలు లేవంటరా" అన్నాను.

వాడికి అబద్ధమాడే వీలు ఇంకా ఉంది. వేరే ముద్రణ అనొచ్చు, మా చెల్లికి తెలీదనొచ్చు. అనలేదు.

"ఎవరు చెప్పారు?" అన్నాడు నెమ్మదిగా.

"చెల్లి."

"మొదట ఒక్కసారే మావా. జ్వరమొచ్చిన రోజు. తర్వాత నాకూ చదువుకోవాల్సినవి ఉన్నాయి కదా. గొంతు పోయేది. రోజూ నువ్వు ఎదురుచూస్తుంటావని..."

"కుదరట్లేదని చెప్పొచ్చుగా?"

"చెప్తే ఇంకొకళ్ళని చూసుకుంటావని."

"చూసుకోనివ్వాల్సిందిరా."

"ఆ పాఠంలోంచి మూడు ప్రశ్నలు ఇస్తారని ఎవరికి తెలుసు మావా?" అన్నాడు. తెలిస్తే చదివేవాడినని వాడి ఉద్దేశం. దానికన్నా మంచి క్షమాపణ వాడి దగ్గర లేదు కాబోలు.

వేదిక మీద నాకు మైకు ఇచ్చారు. అందరికీ నమస్కారం అన్నాను. వాడి పేరు చెప్పాను. ఆ తర్వాత నాకు మాట రాలేదు. మైకు తిరిగి ఇచ్చేశాను. కృతజ్ఞతతో గొంతు పూడుకుపోయిందనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. నా జీవితంలో అంత బాగా అర్థమైన ఉపన్యాసం ఇంకొకటి లేదు. అదీ తప్పుగా.

ఫలితాలొచ్చాయి. ఆ ఒక్క పేపరు పోయింది. జూన్‌లో పామర్రు కాలేజీలో చరిత్ర ఇంకెవరో చెప్పడం మొదలుపెట్టారు. ఆ పెద్దమనిషి కొట్టుకొచ్చి, వచ్చే ఏడాది చూద్దాంలెండి అన్నారట. నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. కొట్లో ఆ సంగతి ఎత్తడం మాత్రం మానేశాడు. నేను నాన్నకి సిలబస్ మార్చారనే చెప్పాను. వాడిని కాపాడటానికి కాదు. ఇంత తేలిగ్గా మోసపోయానని ఇంట్లో ఒప్పుకోలేక. చెల్లి కూడా నా అబద్ధానికి వంత పాడింది.

సప్లిమెంటరీకి నెల ఉందనగా వాడు పామర్రు వచ్చాడు. చెప్పాపెట్టకుండా బస్సెక్కి వచ్చేశాడు. అమ్మ పెట్టిన పెసరట్లు తిన్నాడు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని, "పుస్తకం ఇవ్వు. మొత్తం చదువుతా. ఇవాళ సగం, రేపు సగం" అన్నాడు.

ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాలంటే ఇంకా గట్టి మనిషి కావాలి.

మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. పేజీ నంబర్లు చదివాడు. కింద చిన్న అక్షరాల్లో ఉన్నవీ చదివాడు. అచ్చుతప్పు కనిపిస్తే అదీ చెప్పాడు. అంత శ్రద్ధగా నాకు ఎవరూ ఎప్పుడూ చదివిపెట్టలేదు. అలా ముప్పావు గంట చదివి, మంచినీళ్ళు తాగడానికి ఆగాడు.

"అర్థమవుతోందా మావా?"

ఏం చదివాడో చెప్పమంటే ఒక్క వాక్యం చెప్పలేను. ఆ ముప్పావు గంటా నేను విన్నది కాగితం తిరిగిన చప్పుడు. ఒక్కటి తిరిగిందా, రెండు కలిసి తిరిగాయా? పేజీ చివర గొంతు తేడాగా వచ్చిందేం? ఇరవై మూడు అన్నాడు, దానికి ముందు ఇరవై రెండు అన్నాడా? పాఠం పక్కనుంచి వెళ్ళిపోయింది.

"ఆపెయ్‌రా" అన్నాను.

"ఏం, ఏమైనా వదిలేశానా? నీ ఒట్టు మావా, ఒక్క అక్షరం..."

"వదల్లేదు. నువ్వు బాగానే చదువుతున్నావు. నీ గొంతు వినడం నాకు చేతకావట్లేదు."

వాడు పుస్తకం మూసిన చప్పుడు వినపడలేదు. తెరిచే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టున్నాడు. లోపల్నుంచి అమ్మ, "ఏరా, చదువు అయిపోయిందా? కాఫీ పెట్టనా?" అని కేకేసింది. మా ఇద్దరిలో ఎవరం జవాబు చెప్పాలో తెలియలేదు.

"పెట్టండత్తా" అన్నాడు వాడే.