మా దూడకు రెండు రకాలు

లాక్‌డౌన్‌లో మరమగ్గాలన్నీ ఆగిపోయాక, భేస్తాన్‌కు వలసొచ్చిన తెలుగు నేతవాళ్ల మా వీధికి కొత్తగా చెవులు మొలిచాయి. అంతకుముందు పక్కవాడి తుమ్ము వినబడని చోట, ఇప్పుడు ఉధ్నా స్టేషన్‌కు రైలు రాకపోవడం కూడా వినబడేది. ఆ నిశ్శబ్దంలో మా దూడకు పారుడు పట్టుకుంది. తపతీ నదికి వరదొస్తే ముందుగా చెబుతారు. మా దూడ ఆ మర్యాద కూడా పాటించలేదు.

మా అమ్మాయి పశువైద్యంలో పై చదువు చదువుతోంది. దూడలకు పారుడు తెచ్చే రోటావైరస్‌లో ఎన్ని రకాలు తిరుగుతున్నాయో తేల్చడం ఆమె పరిశోధన. కాలేజీ మూతపడి, ఊళ్లు తిరిగే వీలు లేక, చదువు అటకెక్కిందని దిగులుపడి కూర్చున్న పిల్ల మా దూడ తోక ఎత్తగానే లేచి నిలబడింది. ముందు మందు నీళ్లు తాగించి దాని ప్రాణం నిలబెట్టింది. వీధిలో మగ్గాలవాళ్లు సాకే ఆవుల దూడలన్నీ పారుతున్నాయని తెలిసి, అందరినీ కాస్త పేడ ఇమ్మంది. ఆ కబురు నేను దండోరా వేసినట్టు వీధంతా మోశాను.

మర్నాడు పొద్దున్నే, మగ్గాలు బాగుచేసే మా పక్కింటి మాస్టర్ ముక్కుకు మాస్కు కట్టుకుని, ఏనుగు స్నానానికి సరిపోయే బకెట్ మోసుకొచ్చి గుమ్మంలో దించాడు. వీధి దూడలన్నిటి పేడా అందులోనే ఉంది. గుడ్డ తుక్కును, అంటే చిందీని, ఒకే గోనెలో కుక్కి తూకానికి వేయడం మావాళ్ల అలవాటు. పేడకూ అదే న్యాయం చేశారు.

"సరిపోతదా బిడ్డా? తక్కువైతే ఇంకో బకెట్ తెస్తం."

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏ దూడలో ఏ రకం ఉందో తెలియకపోతే ఆ బకెట్ ఎరువుకు తప్ప ఎందుకూ పనికిరాదు. ఆమె పుస్తకాల భాష ఎత్తలేదు.

"పెద్దనాయినా, లాట్లు కలిపేసిన్రు," అంది.

మాస్టర్ మొహం తెల్లబోయింది. రెండు లాట్ల నూలు, అంటే వేరువేరు విడతల్లో రంగు వేసింది, ఒకే చీరలో పడితే నడుమ చార తేలుతుంది, సేఠ్ ఆ చీరను మన మొహానే కొడతాడు. మా వీధిలో అంతకు మించిన పాపం లేదు.

"గా మాట ముందుగాల చెప్పరాదా," అని గొణుక్కుంటూ బకెట్ ఎత్తుకుపోయాడు.

సాయంత్రానికి అమ్మాయి ఇచ్చిన బుల్లి డబ్బాల్లో ఒక్కో దూడది విడివిడిగా వచ్చింది. ఒక్కో డబ్బాకు ఒక్కో రంగు దారం, అదే రంగు దారం ఆ దూడ మెడలో. వీధి దూడలన్నీ పెళ్లికి బయల్దేరినట్టున్నాయి. డబ్బాల కోసం ఫ్రిజ్‌లోంచి పాలూ పెరుగూ ఖాళీ అయ్యాయి. ఈ ఇంట్లో పేడకున్న మర్యాద తనకు లేదని మా ఆవిడ వాపోయింది.

ల్యాబ్ తెరిచాక ఫలితాలొచ్చాయి. ఒకే వీధి, అయినా వైరస్ ఒకటే రకం కాదు. మిగతా అందరి దూడల్లో ఒక్కో రకముంటే, మా దూడలో రెండున్నాయి! అలా రెండు కలిసిన చోట వాటి ముక్కలు అటూ ఇటూ మారి కొత్త రకం పుట్టవచ్చని, అందుకే మా దూడ ముఖ్యమని అమ్మాయి చెప్పింది. నేను ఆ మాటను ఊరి నడుమ సలాబత్‌పురా దాకా చేర్చాను.

ఆమె తన పనిని ఆన్‌లైన్‌లో వివరించిన రోజు వీధంతా మగ్గాల షెడ్డులో ఫోన్ చుట్టూ చేరింది. డబ్బాల ఫొటో చూసి ఒక ప్రొఫెసర్ ఆ దారాలేమిటని అడిగారు.

"అవి మా వీధి లాట్ గుర్తులు సర్. ఒక్కటి కూడా కలవలేదు," అంది.

కెమెరా మావైపు లేదు. అయినా మాస్టర్ జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు.