జత కలవని ఇత్తడి బంతులు

బందరులో స్థిర విద్యుత్తు పాఠం చెప్పడమంటే ఇక్కడి గాలితో పోట్లాటే. బంతికి చార్జి ఇచ్చీ ఇవ్వకముందే తేమ దాన్ని కాజేస్తుంది. అందుకే మా జూనియర్ కాలేజీ ల్యాబుకి ఇంటి నుంచి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, బంతుల కింది ప్లాస్టిక్ కాళ్ళను ఆరబెట్టి మరీ ప్రయోగం చేయిస్తాను. చార్జి ఉన్న ఇత్తడి బంతిని అదే సైజు బంతికి తాకిస్తే రెండూ చెరిసగం పంచుకుంటాయి. పంచుకున్నాక ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. సైజులో తేడా ఉంటే మాత్రం పెద్దది ఎక్కువ ఉంచుకుంటుంది.

ఆ బంతులు చేసిచ్చింది మా క్లాసులో ఒక అమ్మాయి తండ్రి. రోల్డుగోల్డు పనివాడు. చెవి బుట్టలు చేయడంలో చెయ్యి తిరిగిన మనిషి. కొలబద్ద ముట్టుకోడనీ, కంటితో చూసి, బొటనవేలితో తడిమి జత కలుపుతాడనీ పేరు. అందుకే నేనూ కొలిచి చూడలేదు.

ఆ అమ్మాయి ప్రయోగం చేసిన రోజు చార్జి కొలిచే మీటరు ఒకే బంతికి ప్రతిసారీ ఎక్కువ చూపించింది. నాలుగుసార్లు చేసింది. చివరికి రికార్డులో మాత్రం రెండూ సమానమని రాసేసింది. దొంగ రీడింగులంటే నాకు ఒళ్ళు మంట. అందరి ముందూ దులిపేశాను. క్లాసు ఖాళీ అయ్యాక వచ్చి నా పక్కన నిలబడింది.

"మా నాన్నకి చూపు తగ్గిందండీ. బుట్టలు ఇంటికి తెస్తే అమ్మా నేనూ జతలు సరిచూసి పంపుతున్నాం. షాపులో తెలిస్తే ఇంక పని ఇవ్వరు. ఎవరికీ చెప్పకండి మేడం, ప్లీజ్."

వెర్నియర్ పెట్టి చూశాను. బంతుల అడ్డుకొలతలో మూడు మిల్లీమీటర్ల తేడా. చెప్పనని మాటిచ్చాను.

వారం తిరక్కుండానే, ఇంకో బంతి చేయించుకుందామని రెండింటినీ బ్యాగులో వేసుకుని ఆయన పనిచేసే షాపుకి వెళ్ళాను. నలుగురిలో వేళాకోళం ఆడటం నాకు అలవాటు. నోరు ఊరుకోదు.

"ఏం భాయ్ గారూ, మీ జత నా మీటరు దగ్గర దొరికిపోయింది!" అన్నాను.

ఆయన వెనకే షాపు ఓనరు ఉన్నాడు. చూశాను కూడా. అందరూ నవ్వుతారనే అనుకున్నాను.

ఆయన బంతులు రెండూ అరచేతుల్లోకి తీసుకుని చాలాసేపు తిప్పాడు. "నాకు ఒకేలా ఉన్నాయి మేడం గారూ" అన్నాడు. ఓనరు వచ్చి, ఆయన ముందున్న బుట్టల్లోంచి ఒక జత తీసి వెలుతురులో పట్టుకున్నాడు.

మర్నాటి నుంచి ఆయనకి జతల పని లేదు. యాసిడ్ తొట్టి దగ్గర నగలు కడిగే పనిలో వేశారు.

ఆ అమ్మాయి రెండు రోజులు కాలేజీకి రాలేదు. వచ్చాక రికార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. సమానమన్న మాట కొట్టేసి, అసలు రీడింగులు రాసింది. వాటి కింద రెండు బంతుల వ్యాసార్ధాలు, ఏది ఎందుకు ఎక్కువ ఉంచుకుందో వివరంగా రాసింది. ఎక్కడా తప్పు లేదు.

"ఇంక దాచాల్సిందేం లేదు కదండీ. ఇప్పుడు కరెక్టేనా మేడం?" అంది.

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఎర్ర పెన్ను తీసి పూర్తి మార్కులు వేశాను.