మిల్లు తలుపు కట్టుకున్న జీపు

దీనమ్మ మినుములు కాలిపోకుండా కాపాడడానికి అమ్మిరాజు గారు మండుతున్న జీపును తనే నడుపుకుంటూ నిండు కాలవలోకి దించేశారని పెనుగొండ నుంచి ధవళేశ్వరం దాకా చెప్పుకుంటున్నారు. ధవళేశ్వరంలో మా మేనత్త ఉంటుంది. ఆవిడ ఫోన్ చేసి, "మీ ఊళ్ళో అలాంటి దేవుడున్నాడంట కదే, నువ్వెప్పుడూ చెప్పలేదేంటి?" అని నన్ను నిలదీసింది. మాట అక్కడికి చేరేసరికి దేవుడు కాలవ ఈదుకుంటూ కూడా వచ్చాడు.

ఆ దేవుడి గురించి నాకు తెలిసింది రాస్తాను. ఊరంతా అతన్ని గారు అంటుంది. ఎదురుపడితే నేనూ అంటాను. కాగితం మీద అనక్కర్లేదు.

ఇంటర్ మొదటి సంవత్సరంతో నా చదువు ఆగిపోయింది. అప్పటినుంచి మా వసారాలో కుట్టుమిషను ముందే ఉంటాను. ఎదురుగా తారురోడ్డు, రోడ్డుకి అవతల కాలవ, మా గోడ పక్కనే చిట్టియ్య వెల్డింగు షెడ్డు. జాకెట్లు కుట్టే పిల్ల ఉందని ఎవరూ మాట ఆపుకోరు. అందుకని నాకు అన్నీ వినబడతాయి, అన్నీ కనబడతాయి.

అమ్మిరాజుకి నలభై రెండేళ్ళు. ఇన్నేళ్ళలో అతను చేసిన పని తండ్రి కట్టిన రైసు మిల్లును తినడం. మొదట మోటార్లు అమ్మాడు, తరవాత కప్పు మీద రేకులు, ఆ తరవాత ధాన్యం ఆరబోసే కళ్ళం. పొలాలన్నీ కౌలుకిచ్చేశాడు. చేతికి పని లేక, రాజమండ్రి వెళ్ళి ఒక పాత జీపు కొనుక్కొచ్చాడు. కొండలెక్కడానికట. ఇక్కడ కొండలెక్కడున్నాయి? మా వైపు కుక్క కనబడినా కొట్టడానికి రాయి దొరకదు, మట్టిబెడ్డ వెతుక్కోవాలి.

జీపులున్నవాళ్ళు కొందరు కలిసి మారేడుమిల్లి వెళుతుంటే ఒకసారి అతనూ వెళ్ళాడు. గోకవరంలో పెసరట్టు తిని, కడుపులో తిప్పుతోందని వెనక్కొచ్చేశాడు. పెసరట్టు సంగతి అతని డ్రైవరు చెప్పాడు. అతను చెప్పింది వేరు. "రాళ్ళున్నాయి చిట్టియ్యా, ఒక్కోటి గేదంత ఉంది. కింద స్కిడ్ ప్లేటు లేకుండా వెళితే ఇంజన్ పగిలిపోద్ది. మనమే చేద్దాం."

స్కిడ్ ప్లేటంటే ఇంజను కింద కట్టే మందపాటి ఇనపరేకు. రాయి తగిలితే దెబ్బ దానికి తగులుతుంది, ఇంజనుకి తగలదు. చిట్టియ్య దాన్ని అడుగు రేకు అన్నాడు.

"కొనుక్కుంటే అయిపోద్ది కదండి. అమ్ముతారంట కదా," అన్నాడు చిట్టియ్య.

"కొన్నదాంట్లో ఏముంది? సొంతంగా చేస్తే అదీ గొప్ప."

సొంతంగా అంటే చిట్టియ్య చేత. ఇనుము ఎక్కడిదంటే మిల్లుది. అక్కడ అమ్మకుండా మిగిలింది తలుపొక్కటే. దాన్ని ఊడదీసి ట్రాక్టరు మీద తెచ్చి మా గోడకి ఆనించారు. తలుపు మీద వాళ్ళ నాన్నగారి పేరు ఆకుపచ్చ రంగు అక్షరాల్లో ఇంకా ఉంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. అట్టముక్క అతనే కోశాడు. టీవీ డబ్బా చింపి, జీపు కింద వెల్లకిలా పడుకుని, ఇంజను అడుగు ఎక్కడ వంపు తిరిగిందో, బోల్టు ఎక్కడ పడుతుందో చూసుకుంటూ, పెన్సిలుతో గీసుకుంటూ శుభ్రంగా కోశాడు. ఆ గంటసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. అతను నోరు మూసుకుని ఉండడం నేను చూసింది అప్పుడే. ఆ అట్ట పెట్టి చూస్తే అతికినట్టు సరిపోయింది. బయటికి రాగానే మళ్ళీ మామూలే: నడుం మీద చెయ్యి, ఇంకో చేతి వేలికి గిరగిరా తిరిగే తాళంచెవి.

చిట్టియ్య ఆ అట్ట కొలతకి గ్యాసుతో తలుపును కోశాడు. వంచడానికి మిషను లేదు. తాటిదుంగ మీద పెట్టి సమ్మెటతో రెండు రోజులు కొట్టాడు. ఆ రెండు రోజులూ అమ్మిరాజు ఫోనులో వీడియో తీసుకుంటూ, "ఇటు కొంచెం, అటు కొంచెం," అంటూ తిరిగాడు. బిగించే ముందు చిట్టియ్య ఆగాడు.

"బాబుగారూ, వెనకాల నాలుగు పెద్ద బెజ్జాలు పెడదామండి. గడ్డీ గాదం లోపల పడితే కిందకి రాలిపోద్ది. సైలెన్సరు గొట్టం పక్కనే ఉందండి, కాలిపోతా ఉంటది."

"బెజ్జాలేంటి, ఇది జల్లెడా? నాన్నగారి తలుపుకి బెజ్జాలు పెట్టమంటావా?"

తలుపును ముక్కలు చేసినప్పుడు గుర్తురాని నాన్నగారు బెజ్జాల దగ్గర గుర్తొచ్చారు.

"పోనీ సైలెన్సరు దాకా ఎందుకండి, ఇంజను వరకు ఆపేద్దాం."

"మొత్తం కప్పు. ఒక్క వేలు పట్టే సందు ఉండకూడదు."

"ఆయ్," అన్నాడు చిట్టియ్య. మా ఊళ్ళో ఆయ్ అంటే ఒప్పుకున్నట్టు కాదు. ఇక నీ ఖర్మ అన్నట్టు.

అలా మిల్లు తలుపు జీపు కిందకి వెళ్ళింది. కింద గేదంత రాళ్ళు లేవు కాబట్టి, ఒకరోజు అతనే సుత్తి తీసుకుని రేకు ముందు అంచు మీద నాలుగు దెబ్బలు వేసి ఫోటో తీసుకున్నాడు. మారేడుమిల్లి రాళ్ళ గుర్తులట. నేను జాకెట్టు చేతులు అతుకుతూ చూశాను.

ఇప్పుడు దీనమ్మ సంగతి. ఆవిడ అమ్మిరాజు చేను అరెకరం కౌలుకి చేస్తుంది. వరి కోసిన తడిలో మినుములు చల్లుకుంటుంది. వరిలో సగం అతనికి పోతుంది, మినుములు మాత్రం పూర్తిగా ఆవిడవి. ఏడాదిలో ఆవిడ నాది అనుకునే పంట అదొక్కటే. చేను మళ్ళీ ఇచ్చేదీ ఇవ్వనిదీ ఉగాదికి చెబుతారు. కాగితమేమీ ఉండదు, అతని నోటి మాటే. ఈ ఏడు ఉగాది ఇంకా పది రోజులుందనగా దీనమ్మ మినప చెట్లు పీకి, ఎండబెట్టి, మా ఇంటి ముందు తారురోడ్డు మీద పరిచింది. మా వైపు అంతే చేస్తారు. వచ్చే బస్సూ పోయే లారీ వాటి మీద నుంచి వెళితే కాయలు పగిలి గింజలు రాలతాయి. ఎవరికీ కూలి ఇవ్వక్కర్లేదు.

ఆ రోజు బండ్లు తక్కువ. దీనమ్మ చేట పట్టుకుని రోడ్డు వంక చూస్తూ నిలబడింది. అమ్మిరాజు జీపు వచ్చింది.

"బాబుగారూ, ఒక్కసారి ఆగండి. మీ బండి బరువుగా ఉంది కదా, ఇటో రెండు తిప్పులు తిప్పి పోండి."

"ఇది నూర్చే బండి కాదు దీనమ్మా, కొండలెక్కే బండి."

"ఎక్కుద్ది లెండి బాబూ, కొండలెక్కడికి పోతాయి. ముందు మా మినుములెక్కనివ్వండి."

షెడ్డులోంచి చిట్టియ్య నవ్వు వినబడింది. అమ్మిరాజుకి అది పౌరుషం తెప్పించినట్టుంది. ముందుకి తోలాడు, వెనక్కి తోలాడు. పాలకేంద్రం దగ్గర నలుగురు నిలబడి చూస్తుంటే ఇంకా హుషారొచ్చి, చెట్లు గుట్టగా ఉన్న చోట గేరు మార్చి, కొండెక్కుతున్నట్టు ఇంజను అరిపించాడు. కాడలు చక్రాలకి చుట్టుకుని లోపలికి వెళుతున్నాయి. బయటికి మాత్రం రావడం లేదు. బెజ్జాలు లేవు కదా. పదో తిప్పుకో పన్నెండో తిప్పుకో నాకు పొగ వాసన వచ్చింది.

చిట్టియ్య బయటికొచ్చి అరిచాడు. "బాబుగారూ! ఆపకండి, ముందుకి తీసేయండి! పంట మీంచి తీసేయండి!"

అమ్మిరాజు ఆపేశాడు. సరిగ్గా పంట మధ్యలో ఆపాడు. కిందనుంచి పొగ రావడం చూసి, దిగి, పరుగెత్తాడు. మా వసారా ఎక్కి, "నీళ్ళు, నీళ్ళు," అన్నాడు. మంట మీద పొయ్యడానికేమో అని మా అమ్మ బకెట్ అందిస్తే, "తాగడానికి," అన్నాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది.

దీనమ్మ నిలబడిన చోటే రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. జీపు కింద ఎర్రగా కనబడుతోంది, దాని చుట్టూ ఆవిడ ఏడాది మొత్తం ఎండిపోయి పరుచుకుని ఉంది. చిట్టియ్య బకెట్టుతో నీళ్ళు కొట్టాడు. పైన ఇంజను, కింద రేకు, నీళ్ళు పోయేందుకు దారి లేదు. వేలు పట్టే సందు కూడా లేకుండా చేయించుకున్నాడు మరి.

"తొయ్యండి!" అని దీనమ్మే అరిచింది. చిట్టియ్య లోపలికి చెయ్యి పెట్టి గేరు తీసేసి, బయటనుంచే స్టీరింగు పట్టుకున్నాడు. దీనమ్మ వెనక నుంచి నెట్టింది. పాలకేంద్రం దగ్గరవాళ్ళు ఇంకా చూస్తున్నారు. నేను మిషను దగ్గర నుంచి ఎప్పుడు లేచానో తెలియదు, దీనమ్మ పక్కన నేనూ నెడుతున్నాను. ఇరవై అడుగుల్లో గేదెలు దిగే రేవు ఉంది. దాని అంచు దాకా వెళ్ళాక జీపు మమ్మల్ని వదిలేసి తనే దిగిపోయింది. కాలవలో తొడల దాకా నీళ్ళున్నాయి. చుయ్ మని పెద్ద చప్పుడొచ్చి, తెల్లటి పొగ లేచి, అయిపోయింది. రోడ్డు మీద అంటుకున్న చెట్లను తడి గోనెసంచులతో కొట్టాం. ఒక చేటెడు గింజలు నల్లబడ్డాయి, అంతే.

అప్పుడు అమ్మిరాజు మూతి తుడుచుకుంటూ రోడ్డు దాటి వచ్చాడు. జీపు కాలవలో ఉంది. సీట్ల దాకా నీళ్ళు. అతని ముఖం రంగు మారింది.

"ఎవరు తోశారు?"

చిట్టియ్య నేల చూశాడు. నేను దీనమ్మ వంక చూశాను. ఆవిడ ముఖంలో పది రోజుల్లో రాబోయే ఉగాది స్పష్టంగా కనబడింది. ఈలోగా పెనుగొండ బస్సు వచ్చి ఆగింది, జనం దిగారు. దీనమ్మ వాళ్ళ వైపు తిరిగి గొంతెత్తింది.

"చూశారా అండీ నా బాబుని! నా మినుములు తగలబడిపోతన్నాయని మంటల్లోనే కూర్చుని బండిని కాలవలోకి దించేశాడండీ! ఎవరు చేస్తారండీ ఇలాగ? ప్రభువు ఆయన్ని చల్లగా చూడాలి!"

అమ్మిరాజు నోరు తెరిచాడు. బస్సు జనం వంక చూశాడు. ఒకాయన చేతులు జోడించాడు. అమ్మిరాజు తల పక్కకి తిప్పుకుని అన్నాడు:

"మరేం చేస్తాం దీనమ్మా. బండి పోతే ఇంకోటి వస్తది."

చిట్టియ్య నా పక్కకి వచ్చి మెల్లగా, "మనమేం చూళ్ళేదమ్మాయ్," అన్నాడు.

ఉగాది నాడు పంచాయతీ ఆఫీసు ముందు పంచాంగం చదివాక అతనికి శాలువా కప్పారు. కప్పింది దీనమ్మే. మైకు పట్టుకుని అతను, స్టీరింగు కాలిపోయి చేతులు బొబ్బలెక్కాయని, అయినా వదల్లేదని చెప్పాడు. చెబుతున్నప్పుడు కళ్ళు తడిశాయి. అప్పటికే నమ్మేశాడు. దీనమ్మ పక్కనే నిలబడి, మైకు అతని నోటి దగ్గర ఉండగానే అడిగింది. "ఈ ఏడు కూడా చేను నాకే కదా బాబూ?"

"నీకే, నీకే," అన్నాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది.

అరెకరం ఇప్పుడు దున్నుతున్నారు. రేకును చిట్టియ్య విప్పి గోడకి ఆనించాడు. జీపు షెడ్డు వెనక తుప్పు పడుతోంది.

అది కాలవలోకి దిగినప్పుడు దాని తాళంచెవి మా వసారాలో, నా కుట్టుమిషను మీద, మజ్జిగ గ్లాసు పక్కన ఉంది.